పదమూడో నెలలో మూసివేయబడును

కొత్తసింగవరం మ్యూజియంలో పురాతన వస్తువులు నూట నలభై రెండు. ఉద్యోగి ఒక్కరు. ఆ ఒక్కరి పేరు లెంక సూరీడమ్మ. కాగితం మీద ఆవిడ గ్యాలరీ అటెండెంటు. నిజానికి తాళం తీసేదీ ఆవిడే, ఊడ్చేదీ ఆవిడే, బడిపిల్లలొస్తే కర్ర పుచ్చుకుని చరిత్ర చెప్పేదీ ఆవిడే, వానొస్తే కప్పు కారేచోటల్లా బిందెలు పెట్టేదీ ఆవిడే. క్యూరేటరు పోస్టు పద్నాలుగేళ్ళుగా ఖాళీ. ఆ ఖాళీ కుర్చీని కూడా రోజూ ఆవిడే తుడుస్తుంది, ఎప్పుడైనా ఎవరైనా వస్తే దుమ్ములో కూర్చోకూడదు కదా అని.

మ్యూజియం అనగానే మరీ పెద్దగా ఊహించుకోకండి. రెండు గదుల పెంకుటిల్లు. ఊరి పక్క దిబ్బని దున్నుతుంటే బయటపడ్డ తల లేని బుద్ధుడు, కొన్ని మట్టిబొమ్మలు, అక్షరాలు చెక్కిన రాళ్ళు, ఇటుకలు. ఆ బుద్ధుణ్ణి నాటుబండిలో గడ్డి పరిచి, పసిపిల్లాణ్ణి తెచ్చినట్టు తెచ్చినవాడు సూరీడమ్మ మొగుడు పోలినాయుడు. ఇరవై ఆరేళ్ళు అక్కడే వాచ్‌మన్‌గా చేసి, ఒక మధ్యాహ్నం ఆ అరుగు మీదే కన్ను మూశాడు. కారుణ్య నియామకం కింద 2019లో సూరీడమ్మకి ఉద్యోగమొచ్చింది. ఈ సంవత్సరం కాస్త గుర్తుపెట్టుకోండి. మీరు మరిచిపోయినా ఆఫీసు మరిచిపోదు.

ఇలా ఉండగా, రాష్ట్ర వారసత్వ వికాస మండలి అధ్యక్షులవారు ఒక పెద్ద హోటల్లో రెండు రోజుల సదస్సుకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఒక మాట వెంటబెట్టుకుని వచ్చారు. ఆ మాట ‘ఎక్స్‌పోజరు’. వారం తిరక్కుండా ఉత్తర్వు దిగింది.

“ప్రపంచస్థాయి దృక్పథము కొరవడిన మ్యూజియములు ప్రజలకు మేలు కంటె కీడే అధికముగా చేయుచున్నవని మండలి గ్రహించినది. కావున ఈ సంవత్సరములో కనీసము ఒక ఉద్యోగికైనను విదేశీ ఎక్స్‌పోజరు కలుగని ప్రతి మ్యూజియమును డిసెంబరు 31 నాటికి మూసివేసి, అందలి వస్తువులను సంరక్షణార్థము కేంద్ర గోడౌనుకు తరలించవలెను.”

కేంద్ర గోడౌను సంగతి తెలిసినవాళ్ళు దాని గురించి మాట్లాడరు. అందులోకి వెళ్ళిన వస్తువుని మళ్ళీ చూశామన్న మనిషి ఇంతవరకూ తగల్లేదు.

ఇక చూడాలి! పెద్ద మ్యూజియాల పెద్దమనుషులు ఎక్స్‌పోజరు కోసం ఎగబడ్డారు. ఒకరు పారిస్ వెళ్ళారు. ఒకరు రోమ్ వెళ్ళి, చాలకపోతే వెనిస్ కూడా వెళ్ళారు. చివరికి అడిస్ అబాబా నుంచి వచ్చిన ఆహ్వానం ఒక్కటి మిగిలిపోయింది. ఇథియోపియా రాజధాని, ఐదు రోజుల శిక్షణ, బస వాళ్ళదే. ఆఫ్రికా అనేసరికి ఎవరికీ వీలు కుదరలేదు. ఒకరికి బీపీ లేచింది, ఒకరికి కూతురి నిశ్చితార్థం అడ్డొచ్చింది. అలా జారుతూ జారుతూ ఆ ఆహ్వానం కొత్తసింగవరం వచ్చి పడింది.

సంయుక్త సంచాలకులు కోలవెన్ను త్రివిక్రమరావుగారు సూరీడమ్మని పిలిపించి స్వయంగా హితవు చెప్పారు. “చూడమ్మా, అక్కడ ఎండ మండిపోతుంది, గొడుగు తీసుకెళ్ళు. ఏం చూశావన్నది మండలికి ప్రధానం కాదు. తేదీ, నెల, సంవత్సరం వేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టిన ధ్రువపత్రం ప్రధానం. పత్రం ఉంటే ఎక్స్‌పోజరు కలిగినట్టు. లేకపోతే కలగనట్టు.”

“అలగే సార్. పత్రం తెస్తే మా మ్యూజియం ఉంటాది కదా?”

“నిబంధనల ప్రకారం పరిగణించబడుతుంది,” అన్నారు త్రివిక్రమరావుగారు. ఉంటుందని ఆయన జన్మలో ఎప్పుడూ దేని గురించీ అనలేదు.

*

అడిస్ అబాబాలో దిగేసరికి చలి కొరికేస్తోంది. కొండల మీద ఊరు, వానాకాలం చివర. పల్చటి నూలుచీర, చేతిలో ఎండగొడుగు. సూరీడమ్మ త్రివిక్రమరావుగారిని తలుచుకుంటూ గజగజ వణికింది. బయట ఆవిడ పేరు రాసిన అట్టముక్క పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తలమీద టోపీ, భుజాన తెల్లటి నూలు శాలువా. శిక్షణ ఇచ్చే నగర వారసత్వ కేంద్రంలో చేసి రిటైరయ్యాడు, పేరు ములుగేటా. ఆవిణ్ణి చూడగానే శాలువా తీసి ఆవిడ భుజాన కప్పి, బెంచీ చూపించి, “కూర్చో!” అన్నాడు.

తెలుగులో! సూరీడమ్మ టక్కున కూర్చుంది.

సంగతేమిటంటే, ములుగేటాకి బళ్ళో లెక్కలు చెప్పినాయన తెలుగువాడు. మిస్టర్ సూర్యం అట. ఆ రోజుల్లో మనవాళ్ళు చాలామంది అక్కడి బళ్ళలో పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. ఆ మాస్టారి దగ్గర ములుగేటా త్రికోణమితితో పాటు మూడు తెలుగు ముక్కలు నేర్చాడు. కూర్చో. తప్పు. మళ్ళీ చెయ్యి. యాభై ఏళ్ళయినా మూడూ గుర్తున్నాయి. మిగతాదంతా ఆయన నిదానమైన ఇంగ్లీషు, ఆవిడ పదో తరగతి ఇంగ్లీషు, అదీ చాలకపోతే చేతులు.

బస ఆయన ఇంట్లోనే. ఆయన భార్య ఎతెనెష్‌కి ఇంగ్లీషు రాదు. ఆవిడ తన భాషలో మాట్లాడేది, సూరీడమ్మ తెలుగులో జవాబు చెప్పేది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

మొదటి రోజు క్లాసు రెండు గంటలకి అన్నారు. సూరీడమ్మ వంటింట్లో ఎతెనెష్‌కి ఉల్లిపాయలు తరిగిపెట్టి, భోంచేసి, సరిగ్గా రెండింటికి కేంద్రానికి వెళ్ళింది. ఊడ్చే మనిషి కుర్చీలు సర్దేస్తోంది. క్లాసు పొద్దున్నే అయిపోయిందట.

“తప్పు!” అన్నాడు, బయటికొచ్చేసరికి ఎదురైన ములుగేటా నవ్వుతూ. తమకి లెక్క పొద్దు పొడుపు నుంచి మొదలని, తెల్లారాక రెండో గంటంటే ఆవిడ గడియారంలో ఎనిమిదని విడమరిచాడు.

“బాగానే ఉన్నాది. మా అత్త కూడా పొద్దెక్కిందాన్ని బట్టే చెప్పీది,” అంది సూరీడమ్మ. “మరి ఈయేళ తారీకైనా సెప్టెంబరు ఆరేనా, అదీ కాదా?”

కాదన్నాడు. వాళ్ళకి పన్నెండు నెలలూ ముప్ఫయ్యేసి రోజులు. మిగిలిన ఐదు రోజులూ ఒక బుల్లి పదమూడో నెల, పాగుమే అంటారు. ఈవేళ పాగుమే ఒకటి. ఆరో రోజున కొత్త సంవత్సరం. ఇప్పుడు జరుగుతున్నది 2017.

“ఎంత?”

“రెండు వేల పదిహేడు.”

సూరీడమ్మ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. తర్వాత మెల్లిగా, తనలో తను అనుకున్నట్టు, “2017లో మా ఆయన బతికే ఉన్నాడు,” అంది. అని, పరాయి ఊళ్ళో నడివీధిలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. ములుగేటాకి మాట అర్థం కాలేదు గానీ ఏడుపు అర్థమైంది. కాఫీకి ఇంటికి తీసుకుపోయాడు.

ఆ కాఫీ సంగతి చెప్పాలి. మనలా గబుక్కున గ్లాసులో పోసి చేతికివ్వడం కాదు. ఎతెనెష్ నేల మీద పచ్చగడ్డి పరిచింది. పచ్చి కాఫీ గింజలు కడిగి, పెనం మీద వేయించి, ఆ పొగని పెనంతో సహా ఒక్కొక్కరి ముక్కు దగ్గరికీ తెచ్చి వాసన చూపించింది. రోట్లో దంచి, నల్లటి మట్టికూజాలో కాచి, చెవుల్లేని బుల్లి కప్పుల్లో పోసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడో కప్పు దీవెన అట, అది తాగకుండా లేవకూడదట. ఇదంతా అయ్యేసరికి రెండు గంటలు. వీధిలోవాళ్ళంతా వచ్చి కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుని వెళ్ళారు. మా అరకు గింజలు ఇలా తాగాలని ఇన్నాళ్ళూ మాకెవ్వరూ చెప్పలేదే అని సూరీడమ్మ నొచ్చుకుంది.

మర్నాటి నుంచి పొద్దున్నే క్లాసు, మధ్యాహ్నం ఊరు. లక్షల ఏళ్ళ నాటి ఆడమనిషి ఎముకల నమూనా ఒక అద్దాల పెట్టెలో పెట్టి ఉంటే చూసింది. లోకమంతా లూసీ అంటుందట గానీ, వాళ్ళ పేరు దిన్‌కినెష్. నువ్వు అద్భుతం అని అర్థం. “మా బుద్ధుడికి తలే లేదు. ఈ తల్లికి సగం ఒళ్ళు లేదు. అయినా ఎంత మర్యాద సేస్తన్నారో!” అని దండం పెట్టుకుంది. పియాసా పేటలో చెక్క వరండాల పాత మేడలు చూపిస్తూ, ఈ ఊరు కట్టినవాళ్ళలో మీ దేశం మేస్త్రీలు కూడా ఉన్నారని ములుగేటా చెప్పాడు. ఎంటోటో కొండెక్కితే జామాయిల్ చెట్ల వాసన, కింద ఊరంతా రేకుల కప్పులు, దార్లో గడ్డినిండా పసుపుపచ్చటి పూలు. అట్టులాంటి పుల్లటి ఇంజెరాలో కూర చుట్టి ఎతెనెష్ తన చేత్తో నోట్లో పెడితే, అమ్మ పోయాక తనకి ముద్ద పెట్టినవాళ్ళు వీళ్ళేనని సూరీడమ్మ అందరిముందూ అంది.

పాగుమే మూడో రోజు వాన కొట్టింది. ఆ రోజు వాన పవిత్రమట. ఎతెనెష్ చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది, అప్పటికే పిల్లా పెద్దా అందరూ తడుస్తున్నారు. నాలుగో రోజు ఇంకో ముచ్చట. పక్కింటి ముసలామె రేకుల కప్పు కారుతోంది. కారే కప్పు కింద కొత్త సంవత్సరం ఎలా చేసుకుంటుందని వీధివాళ్ళంతా నిచ్చెనలు పట్టుకుని వచ్చారు. దరఖాస్తు లేదు, అంచనా లేదు, మంజూరు లేదు. మధ్యాహ్నానికి కప్పు బాగైంది, తర్వాత మూడు కప్పుల కాఫీ. సూరీడమ్మ కింద నిలబడి మేకులు అందించింది. ఆ రోజు ఆవిడ ఎందుకో చాలా ఆలోచించింది.

ఐదో రోజు ధ్రువపత్రం ఇచ్చారు. అందమైన పత్రం. ఎర్ర ముద్ర, నీలం సంతకం. తేదీ దగ్గర స్పష్టంగా: పాగుమే 5, 2017.

*

“ఇదేం నెల?” అన్నాడు సూపరింటెండెంటు పట్నాయకుని గౌరీశంకరం. మండలి ఆఫీసులో మనిషిలా మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

“పదమూడో నెల బాబూ.”

గౌరీశంకరం మండలి పోర్టల్ తెరిచాడు. నెల అన్నచోట నొక్కితే జనవరి నుంచి డిసెంబరు దాకా వరసగా వచ్చాయి. ఆ కింద ఏమీ లేదు. చేత్తో కొడదామంటే పోర్టల్ ఎరుపెక్కి ‘చెల్లని నెల’ అంది. ఆ సంగతి పైకి వెళ్ళింది. త్రివిక్రమరావుగారు పత్రాన్ని దీపానికి అడ్డంగా పెట్టి చూశారు.

“ఏమ్మా, నిన్ను సెప్టెంబర్లో పంపితే పదమూడో నెలకి ఎలా వెళ్ళావు?”

“నాను సెప్టెంబరుకే ఎల్లాను సార్. ఆళ్ళకి అది పదమూడు.”

“మండలి అనుమతి ఇచ్చింది సెప్టెంబరుకి. అనుమతి లేని నెలలో పర్యటించడం క్రమశిక్షణారాహిత్యం కిందికి వస్తుంది. సరే, అది తర్వాత. 2017 ఏమిటి?”

“ఆళ్ళ లెక్క మనకంటె ఏడెనిమిదేళ్ళు ఎనక సార్. మీరు అక్కడికెళ్తే మీకూ వొయసు తగ్గిపోతాది.”

ఈ చివరి మాట త్రివిక్రమరావుగారు ఫైల్లో రాయించలేదు. ఫైలు న్యాయ సలహాదారుకి పంపారు. ఆయన పదకొండు పేజీల సలహా ఇచ్చాడు. సారాంశం ఇది. పత్రం మీద ఉన్న సంవత్సరమే ప్రమాణం. 2017లో లెంక సూరీడమ్మ ఉద్యోగంలో లేదు కనక ఆ ఎక్స్‌పోజరు ఆవిడకి చెందదు. ఆ సంవత్సరం సదరు మ్యూజియంలో ఉన్న ఏకైక ఉద్యోగి లెంక పోలినాయుడు. కాబట్టి ఎక్స్‌పోజరు చట్టప్రకారం అతనిదే.

నాలుగో రోజుకి కొత్తసింగవరానికి రిజిస్టర్ పోస్టు వచ్చింది.

“శ్రీ లెంక పోలినాయుడు (దివంగత) గారికి. విషయం: 2017వ సంవత్సరమున తాము పొందిన విదేశీ ఎక్స్‌పోజరు గురించి. తాము ఈ లేఖ అందిన ఏడు దినములలోగా పాస్‌పోర్టుతో స్వయముగా హాజరై వివరణ ఇచ్చుకొనవలెను. హాజరు కానిచో తమకు చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును.”

సూరీడమ్మ ఆ కాగితం పట్టుకుని బుద్ధుడి ముందు కూలబడి బావురుమంది. చెప్పుకోడానికి ఆయనకి చాలానే ఉండేది. ఇరవై ఆరేళ్ళలో ఒక్క ఆఫీసు కాగితమైనా ఆయన్ని శ్రీ అనలేదు, గారు అనలేదు. ఇప్పుడన్నారు. ఏడుపయ్యాక ఆ లేఖని మడిచి ఆయన ఫోటో వెనక దాచుకుంది.

గడువులోగా పోలినాయుడు హాజరు కాలేదు. దాంతో త్రివిక్రమరావుగారు ‘పదమూడో నెల అస్తిత్వ నిర్ధారణ సంఘం’ వేశారు. సంఘం తొమ్మిదిసార్లు సమావేశమైంది. రాయబార కార్యాలయానికి రాశారు. ఆ నెల ఉందని, చాలా శతాబ్దాలుగా ఉందని, ఇకముందూ ఉంటుందని అక్కణ్ణుంచి మర్యాదగా జవాబొచ్చింది. సంఘం నివేదిక ఇలా ముగిసింది: “మిత్రదేశము ఉన్నదని చెప్పిన నెలను లేదనుట దౌత్యరీత్యా భావ్యము కాదు. కావున పోర్టల్‌నందు సదరు నెలను చేర్చవలెను.”

చేర్చారు. డిసెంబరు కింద బుద్ధిగా పదమూడో నెల వచ్చి కూర్చుంది. గౌరీశంకరం పత్రం వివరాలు ఎక్కించాడు. పోర్టల్ స్వీకరించింది. అయితే సంవత్సరం 2017 కావడంతో, ఈ సంవత్సరం ఎక్స్‌పోజరు గడిలో మాత్రం సున్నా చూపించింది.

“పదమూడో నెలకి మండలి అంగీకారం ఉంది, 2017కి లేదు. నిబంధన నిబంధనే,” అన్నారు త్రివిక్రమరావుగారు. “డిసెంబరు 31న మూసివేత.”

సూరీడమ్మ ఆ రాత్రి ములుగేటాకి ఫోన్లో కబురు పెట్టింది. తెల్లారేసరికి ఆయన గొంతు వచ్చింది, గట్టిగా, మాస్టారి ధోరణిలో. “తప్పు! మళ్ళీ చెయ్యి!”

*

ఈలోగా ఆఫీసులో ఒక వింత మొదలైంది. అప్పటిదాకా పోర్టల్ అంటే అందరికీ హడలు. ప్రతి పనికీ ఒక గడువు నెల వెయ్యాలి. ఆ నెల దాటితే ఎరుపు. ఎరుపు ఎక్కువైతే అధ్యక్షులవారు మైకులో పేరు పెట్టి పిలిచేవారు. మొట్టమొదట ఇంజనీరింగు విభాగంలో ఒక మహానుభావుడు, చేరువేటి శిథిల కోట ప్రహరీ మరమ్మతుకి నెల ఎంచుకుంటూ చెయ్యి జారి పదమూడు నొక్కాడు. పచ్చరంగు వచ్చింది. డిసెంబరు వెళ్ళినా, జనవరి వచ్చినా అది పచ్చగానే ఉంటుంది. ఎందుకంటే కంప్యూటర్ గడియారంలో ఆ నెల రాదు, కాబట్టి పోదు.

ఇంకేం కావాలి! మధ్యాహ్నానికల్లా కబురు పై అంతస్తుకి పాకింది. ఆగిపోయిన మరమ్మతులన్నీ పదమూడో నెలకి వెళ్ళాయి. ఖాళీ పోస్టుల భర్తీ పదమూడో నెల. ప్రమోషన్లు పదమూడో నెల. ప్రజావిజ్ఞప్తుల దినం పదమూడో నెల మొదటి సోమవారం. ఎవరో ఉత్సాహం పట్టలేక ముప్ఫై ఏళ్ళ నాటి తవ్వకాల నివేదికని కూడా అందులోనే పడేశారు. కొత్తసింగవరం మ్యూజియం క్యూరేటరు నియామకం, కప్పు మరమ్మతు కూడా అక్కడికే చేరాయి. డిసెంబరు మూడో వారానికి పోర్టల్ వరిచేనులా పచ్చగా ఉంది. నూటికి నూరు శాతం పనులు గడువులో ఉన్న ఏకైక సంస్థగా మండలికి పైనుంచి ప్రశంస వచ్చింది. అధ్యక్షులవారు ఇది ఎక్స్‌పోజరు మహిమ అన్నారు.

ఎరుపు వచ్చే ప్రమాదం ఉన్నది ఒక్కటే మిగిలింది. అది కొత్తసింగవరం మూసివేత, గడువు డిసెంబరు.

ముప్ఫయ్యో తారీకున సూరీడమ్మ ఆఫీసుకొచ్చింది. గౌరీశంకరం టేబుల్ దగ్గర నిలబడి పోర్టల్ కేసి చాలాసేపు చూసింది.

“బాబూ, మా వొస్తువులు లారీ ఎక్కించాలంటే జాబితా మీద ఎవులు సంతకం పెట్టాల?”

“క్యూరేటరు.”

“క్యూరేటరు ఎప్పుడొస్తాడు?”

“పదమూడో నెలలో,” అని గౌరీశంకరం ఆగాడు. ఆవిడ మొహంలోకి చూశాడు. లేచి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని త్రివిక్రమరావుగారి గదిలోకి నడిచాడు.

“సార్, క్యూరేటరు సంతకం లేకుండా తరలింపు చెల్లదు. ఎల్లుండి పొద్దున మన పోర్టల్లో ఒక్కటంటే ఒక్కటి ఎర్రగా ఉంటుంది. కొత్తసింగవరం మూసివేత.”

త్రివిక్రమరావుగారి మొహం పాలిపోయింది. ప్రశంసాపత్రం అప్పటికే చట్రం కట్టించి గోడకి తగిలించారు.

సూరీడమ్మ చేతులు కట్టుకుని అంది. “సార్, నాను పెద్ద సదువులు సదివినదాన్ని కాదు. నన్ను పంపినా పదమూడో నెలకే ఎల్లాను. క్యూరేటరు ఆ నెల్లోనే వొస్తాడంటన్నారు. మూతా ఆ నెల్లోనే పెట్టీండి. ఆర్డరేస్తే నాను కాదంటానా? తప్పకుండా మూసీస్తాను.”

త్రివిక్రమరావుగారు కలం తీశారు. తృప్తిగా, మెల్లిగా రాశారు: “కొత్తసింగవరం మ్యూజియము పదమూడో నెలలో మూసివేయబడును.” గౌరీశంకరం నొక్కాడు. పచ్చరంగు వచ్చింది.

సూరీడమ్మ ఆ ఉత్తర్వు నకలు తెచ్చి గుమ్మం పక్కన అంటించి, మర్నాడు యథాప్రకారం పొద్దున్నే తాళం తీసింది. జనవరి ఒకటో తారీకున బడిపిల్లలు యాభై మంది వచ్చారు.

*

సెప్టెంబరు ఆరో తారీకు పొద్దున ములుగేటా దగ్గర్నుంచి సందేశం వచ్చింది. పాగుమే ఒకటి.

ఇంకొకరైతే ఊరుకునేవారు. సూరీడమ్మ అలాంటి మనిషి కాదు. ఆర్డరంటే ఆర్డరే, మాట ఇచ్చింది. తలుపుకి తాళం వేసి, ‘పదమూడో నెల. మూసివేయబడినది’ అని పలక వేలాడదీసింది. అంతటితో ఆగలేదు. కప్పు మరమ్మతు కూడా పదమూడో నెలలోనే అని పోర్టల్లో ఉంది కదా. ఊళ్ళోకెళ్ళి ఇంటింటికీ చెప్పింది. “మన బుద్ధుడు పద్నాలుగేళ్ళ నుంచి తడుస్తన్నాడు. మీ ఇంట్లో ఎన్ని పెంకులుంటే అన్ని అట్టుకురండి. కాఫీ నాను ఇస్తాను.”

వచ్చారు. పెంకులు తెచ్చినవాళ్ళు, నిచ్చెన తెచ్చినవాళ్ళు, ఊరికే సలహాలు చెప్పడానికి వచ్చినవాళ్ళు కూడా. పోలినాయుడితో కలిసి ఆనాడు బండి తోలిన ముసలాయన కప్పెక్కి, దిగమన్నా దిగలేదు. మూడో రోజు వాన పడితే సూరీడమ్మ వాకిట్లో నిలబడి తలారా తడిసింది, అందరూ ఈవిడకి పిచ్చెత్తిందనుకున్నారు. సాయంత్రాలు అరుగు మీద గడ్డి పరిచి, అరకు గింజలు పెనం మీద వేయించి, పొగని ఒక్కొక్కరి ముక్కు దగ్గరికీ తెచ్చి చూపించి, మూడేసి గ్లాసులు పోసింది. మూడోది తాగకుండా ఎవర్నీ లేవనివ్వలేదు.

ఐదో రోజు గౌరీశంకరం మూసివేత తనిఖీకి వచ్చాడు. తాళం చూశాడు, లాగి చూశాడు. పైన కొత్త పెంకులు చూశాడు. “ఇదేంటి సూరీడమ్మగారూ?”

“పదమూడో నెల్లో సేస్తామని మీరే రాసేరు కదా బాబూ. సేసీసాం. కూకోండి, కాఫీ తాగి ఎల్దురు గాని.”

మూడు గ్లాసులూ తాగాక ఆయన నివేదిక రాశాడు. నిజాయితీపరుడు, ఉన్నది ఉన్నట్టే రాశాడు. “మ్యూజియము మూసి ఉన్నది. కప్పు మరమ్మతు పూర్తి అయినది.” మర్నాడు, ములుగేటా వాళ్ళకి కొత్త సంవత్సరం రోజు, పదమూడో నెల అయిపోయింది కనక సూరీడమ్మ తాళం తీసి, పొడిగా ఉన్న బుద్ధుడి ముందు దీపం పెట్టింది. “సూసేవా, నీ బుద్ధుడు తడవట్లేదు,” అని మొగుడి ఫోటోకి చెప్పింది.

మండలిలో మాత్రం మిన్ను విరిగి మీద పడింది. పదమూడో నెలకి వేసిన మూడు వేల నాలుగు వందల పద్దెనిమిది పనుల్లో రెండు పూర్తయ్యాయని పోర్టల్ చూపిస్తోంది. రెండు పూర్తయితే మిగిలినవి ఎందుకు కాలేదని పైనుంచి ప్రశ్న వచ్చింది. అంటే ఆ నెల నిజంగా వచ్చిందా? వస్తే, ప్రతి ఏడూ వస్తుందా? త్రివిక్రమరావుగారు రెండు పూటలు భోజనం మానేసి ఒక మెమో రాశారు.

“పదమూడో నెలకు నిర్దేశింపబడిన పనులను, ఎట్టి ముందస్తు అనుమతియు లేకుండ, నిజముగానే పూర్తి చేసి మండలిని ఇరకాటమున పెట్టినందుకు మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.”

మెమో గౌరీశంకరమే పట్టుకొచ్చాడు. జవాబు తీసుకునే రమ్మన్నారట. సూరీడమ్మ రెండుసార్లు చదువుకుంది. అరుగు మీద కూర్చుని, మెడ వంచి కాసేపు ఆలోచించి, ఆయన చేతే రాయించింది.

“అయ్యా, తమరి మెమో అందినది. తమరి ఆజ్ఞ ప్రకారము నా సంజాయిషీ పదమూడో నెలలో సమర్పించుకోగలను.”

సంతకం పెట్టింది. గౌరీశంకరం ఫోన్లో పోర్టల్ తెరిచి, నెల దగ్గర డిసెంబరు దాటి కిందికి వెళ్ళి, నొక్కాడు. పచ్చరంగు వచ్చింది.